ఒక్కపొద్దు నాటి సూది

రెండు వేల ఇరవై ఒకటి, ఆగస్టు ఇరవై ఏడు, శుక్రవారం. ఆ పొద్దున భాగ్యశ్రీ రెండు చెంచాల రవ్వగంజి తాగింది. బత్తాయి తొన ఒకటి నోట్లో పెట్టుకుని, రసం మింగి, పిప్పిని భీంరావు అరచేతిలోకి ఉమ్మింది. గంజిలో ఉప్పు తక్కువైందని ఆమె కనుబొమ్మ ముడుచుకోవడం, మూడో చెంచా దగ్గర తల అడ్డంగా తిప్పడం, పెదవి మూల మిగిలిన తడిని తాను చొక్కా చేత్తో తుడవడం, అన్నీ ఆయనకు గుర్తున్నాయి. ఆ సాయంత్రానికి ఆమె లేదు. భార్య తిన్న చివరి చెంచాలు నాలుగేళ్లయినా మరిచిపోని మనిషి, ఇవాళ బాన్సువాడ బస్టాండు వెనక చిన్న దవాఖానలో, డ్యూటీ డాక్టరమ్మ "పెద్దమ్మ పొద్దుగాల్నుంచి ఏం తిన్నది సార్" అని అడిగితే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పొద్దున ఎనిమిదింటికి షుగర్ సూది తన చేత్తోనే ఇచ్చాడు. గిన్నెలో ఉప్మా ఉందని తెలుసు. ఆమె తిన్నదో లేదో తెలియదు. డాక్టరమ్మ రెండోసారి అడగలేదు. రాసుకునే కాగితం మీదికి తల వంచుకుంది. చిన్న పిల్ల, తన దగ్గర చదువుకున్న ఆఖరి బ్యాచి వయసుండవచ్చు. ఆ తల వంచుకోవడంలో ఉన్న మర్యాదకు భీంరావు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయన ఇనుప స్టూలు మీద కూర్చున్నాడు. మంచం మీద అత్తమ్మ సమ్మవ్వ, భాగ్యశ్రీని కన్న తల్లి, కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుని ఉంది. తెచ్చినప్పుడు రక్తంలో చక్కెర ముప్పై దగ్గరుంది. చిక్కటి గ్లూకోజు నరంలోకి ఎక్కించారు, సీసా తగిలించారు, మళ్లీ వేలు గుచ్చి చూస్తే అంకె బాగానే పైకి లేచింది. ఆమె మాత్రం లేవలేదు. "నంబరు ఎక్కింది సార్, ఇగ మనిషి తేరుకోవాలె" అంది డాక్టరమ్మ. "మెదడు ఎంతసేపు పస్తున్నదో మనకు తెల్వది గదా. ఒక గంట చూద్దాం." తెలివి వస్తుందా, వచ్చినా మునుపటి సమ్మవ్వే వస్తుందా, పేర్లూ ముఖాలూ కలగాపులగమైన వేరొక ముసలామె వస్తుందా అన్నది ఆ గంట చెబుతుంది. ఆ గంటలోనే ఆమె కొడుకు సంపత్ పిట్లం నుంచి వానలో బండి మీద బయలుదేరి వస్తున్నాడు. ఏమైంది బావా అని అడుగుతాడు. ఏమైందో పూర్తిగా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరికి తెలివి లేదు. రెండోవాడు స్టూలు మీద కూర్చుని సీసాలోంచి జారుతున్న చుక్కలను చూస్తున్నాడు.

చుక్క తర్వాత చుక్క. గోరంత నీళ్లలో గ్లూకోజు. మక్కజొన్న పిండిలోంచి తీస్తారు దాన్ని, ఏ మక్కచేనుదో, నస్రుల్లాబాద్ దారిలో ఇవాళ బస్సు కిటికీలోంచి చూసినటువంటి చేనే కావచ్చు, ఎక్కడి ఎండో ఆకులో చిక్కుకుని, గింజలో దాగి, సీసాకెక్కి, ఇప్పుడు ఈ ముసలి నరంలోకి దిగుతోంది. నరంలోంచి గుండెకు, గుండెలోంచి మెదడుకు. మెదడు ఎంత గర్విష్ఠో పిల్లలకు చెప్పేవాడు తాను. కండ కొవ్వును కాల్చుకుని బతుకుతుంది, కాలేయం ఏదో ఒకటి సర్దుకుంటుంది, మెదడు మాత్రం గ్లూకోజు తప్ప ఒక పట్టాన ఇంకోటి ముట్టదు, రేపటికని ఇంత దాచుకోవడమూ దానికి తెలియదు, రక్తం ఏ పూటకాపూట తెచ్చిపెట్టాలి అని. పిల్లలు నవ్వేవారు. కణంలోకి వచ్చిన గ్లూకోజు మళ్లీ బయటికి పోకుండా ముందు దానికొక ఫాస్ఫేటు తగిలిస్తుంది కణం, కొత్తగా కొన్న దూడ మెడకు పలుపు కట్టినట్టు. తర్వాత ఇంకోటి తగిలిస్తుంది. ఈ రెండింటికీ ఏటీపీ, అంటే కణం దాచుకున్న బలం, తన దగ్గరిదే ఖర్చు పెట్టాలి. బలం కోసం తింటే ముందు బలం పోవడమేంది సార్ అని అడిగేవారు. అప్పుడు ఆయన చాక్‌పీసు పక్కన పెట్టి, మీ పొలంలో మోటరు నీళ్లు ఎత్తుకోకపోతే మీ నాయిన ఏం చేస్తాడ్రా అని అడిగేవాడు. పైపులో రెండు బిందెలు పోస్తడు సార్. పోసిన రెండు బిందెలు పోయినట్టేనా? కాదు సార్, మడి పారుతది. అంతే, ఇదీ అంతే. ఆరు కార్బన్ల గ్లూకోజు నడిమికి విరిగి మూడేసి కార్బన్ల ముక్కలు రెండవుతుంది, పోసిన రెండుకు నాలుగు వస్తాయి, ఇంతవరకూ గాలి అక్కర్లేదు, మిగతా పారకమంతా మైటోకాండ్రియాలో. ముప్పై ఏళ్లు ఈ బిందెల ఉపమానం చెప్పాడు, ప్రతి ఏడూ కొత్తగా తట్టినట్టు. దాని మీద ఆయనకు కొంచెం అతిశయం కూడా ఉండేది. ఇప్పుడు పోసేది మెరుగైన బిందెలే, సీసా నిండా ఉన్నాయి. కానీ పోయవలసిన పూట పోయలేదు. ఎండిన మోటరును గంటలకొద్దీ తిప్పితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కర్లేదు.

"ఇంత సుట్టు తిరుగుడు దేనికి, అన్నం తింటే బలమొస్తదని చెప్పరాదు" అనేది భాగ్యశ్రీ. పాఠం ముందురోజు రాత్రి వంటింటి గడప మీద కూర్చుని ఆయన తనలో తాను గొణుక్కుంటూ చెప్పుకునేవాడు, ఆమె రొట్టె తడుతూ వినేది. విరిగిన ఆ మూడు కార్బన్ల ముక్క పేరు, పైరువేటు అన్న మాట, ఆమెకు నచ్చేది, ఎవరో బంధువు పేరులా ఉందనేది. పైరువేటు ఇంటికి పోయిండా లేదా, గాలి దొరికిందా లేదా అని అడిగేది. గాలి దొరక్కపోతే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, కాళ్లు పీకుతాయి, నాట్లు వేసిన నాడు పీకినట్టు. నవ్వుతూనే నేర్చుకుంది. ఆమె పోయిన తర్వాత దినాలకని వచ్చిన సమ్మవ్వ, మాసికం దాకా ఉంటానని, తర్వాత వానలు తగ్గేదాకా అని, తర్వాత ఏమీ అనకుండా ఉండిపోయింది. పిట్లంలో కొడుకుంటే అల్లుని ఇంట్లో ఉండడమేమిటని అమ్మలక్కలు అడిగితే, "గాయనకు చాయ వెట్టుకునుడు తప్ప ఏం రాదు, గది గూడ నీళ్లు నీళ్లు" అని నవ్వించి పంపించేది. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్లు. ఆ వేళ్లే ఇప్పుడు దుప్పటి మీద తెరుచుకుని ఉన్నాయి, దేన్నీ పట్టుకోకుండా. ఆ వేళ్లు ఊరకుండడం ఈ నాలుగేళ్లలో ఆయన చూడలేదు. నిద్రలో కూడా కొంగు చివర మెలిపెడుతూ ఉంటాయి.

సిస్టర్ సుచరిత వచ్చి సీసా చక్రం కొంచెం తిప్పి, సమ్మవ్వ చెక్కిలి మీద మెల్లగా తట్టింది. "అవ్వా, ఓ అవ్వా, కండ్లు తెరువు, మీ అల్లుడు పరేషాన్ అయితుండు." రెప్ప కదలలేదు. సుచరిత ఆయన వైపు చూసి, "చాయ తాగుతరా సార్, ఫ్లాస్కుల ఉన్నది" అంది. భీంరావు తల అడ్డంగా తిప్పాడు. వద్దమ్మా అన్నాడు. చాయ. నిజామాబాద్ నుంచి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరున్నర. గొడుగు ఉన్నా మోకాళ్ల దాకా తడిసిపోయాడు. ఇంట్లో దీపం పెట్టి లేదు. సమ్మవ్వ వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయనను చూసి, "బాగ్యా, బిందె దించు, మెడలు గుంజుతున్నయి" అంది. నాలుక మందంగా ఉంది మాటలో. మగత అనుకున్నాడు. పగలు పడుకుని సంధ్యవేళ లేస్తే ఇలాగే ఉంటుందనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, విసుక్కున్నాడు కూడా. "లేచి మొఖం కడుక్కో అత్తమ్మా, ఇంట్ల దీపం గూడ పెట్టలె" అన్నాడు. ఆ మాట ఇప్పుడు చెవిలో పడుతుంటే సొంత గొంతులా లేదు. తర్వాత పొయ్యి వెలిగించి తన కోసం చాయ పెట్టుకున్నాడు. చక్కెర డబ్బా దించాడు. రెండు చెంచాలు. కలిపాడు, చెంచా గ్లాసు అంచుకు తగిలి గణగణలాడింది, మూడు జానల దూరంలో ఒక మెదడు పిడికెడు చక్కెర లేక ఆరిపోతూ చనిపోయిన కూతుర్ని బిందె దించమని అడుగుతోంది. ఆయన చాయ ఊదుకుంటూ నిలబడి తాగాడు. మాట తడబడడం, మనుషుల్ని పోల్చలేకపోవడం, చెమట, ఈ వరుసను పిల్లల చేత పరీక్షలో రాయించినవాడు. గ్లాసు కడగడానికి వంగినప్పుడు ఆమె మెడ మీద చెమట చూశాడు, వాన గాలికి తాను వణుకుతున్న పూట, ఆమె రవిక తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. అప్పుడు గ్లాసు చేతిలోంచి జారింది.

ఆటో పిలిచిన పక్కింటి మనిషి, వెనక సీట్లో ఆమె తలను ఒళ్లో పెట్టుకున్న తాను, గుంతల రోడ్డు. దారిలోనే సంపత్‌కు ఫోన్ చేశాడు. అవ్వకు షుగర్ పడిపోయింది, దవాఖానకు తీసుకపోతున్న అన్నాడు. సంపత్, నిందించడానికి కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. "ఒక్కపొద్దు నాడు గూడ సూది ఇచ్చినవా బావా?"

ఒక్కపొద్దా. ఇవాళ ఏమొచ్చిందని ఒక్కపొద్దు.

"ఇయ్యాల అక్క రోజు గద బావా. రాఖీ పున్నం పోయినంక అయిదోనాడు."

భాగ్యశ్రీ ఆ ఏడు తమ్మునికి రాఖీ కట్టిన అయిదోనాడు పోయింది. పాడె మోసినప్పుడు సంపత్ ముంజేతికి ఆ రాఖీ ఇంకా ఉంది, వానకు రంగు దిగి చర్మానికి అంటుకుంది. అది భీంరావు చూశాడు, చూసి ఏడ్చాడు కూడా. కానీ ఆయన మనసు పట్టుకున్నది తారీఖును. ఆగస్టు ఇరవై ఏడు. తిథులతో ఆయనకు పేచీ లేదు, పట్టింపూ లేదు, చదువుకున్న మనిషికి క్యాలెండరు చాలు అనుకున్నాడు. ప్రతి ఏడూ ఆ తారీఖున పటానికి దండ వేస్తాడు, హాస్టలు పిల్లలకు అరటిపండ్లు పంచి వస్తాడు, భాగ్యశ్రీకి ఇష్టమైన కూర వండించి అత్తమ్మకు తన చేత్తోనే వడ్డిస్తాడు. ఆమె ఏమీ అనకుండా తినేది. తనకు తన రోజు వేరే ఉందని, అది వచ్చి పోయిందనో, ఇంకా రావాలనో ఒక్కసారీ అనలేదు. ఆయనా అడగలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే కనిపిస్తోంది, శ్రావణంలో ఏదో ఒక రోజు "కడుపుల మంచిగ లేదు బిడ్డా, నువ్వు తిను" అనేది, పొద్దుగూకాక పటం ముందు దీపం పెట్టి అప్పుడు ఇంత తినేది. ఆయన పాపం వాము నీళ్లు కాచి ఇచ్చేవాడు. కూతురి కోసం పస్తున్న తల్లికి అజీర్తి మందు. ఆమె ఆ నీళ్లను కళ్లకద్దుకుని పక్కన పెట్టేది, ఆయన మనసు నొచ్చుకుంటుందని వద్దనేది కాదు.

అప్పుడైతే మాత్రలుండేవి. మాత్రలు ఆమె కొంగు ముడిలో ఉండేవి, ఒక్కపొద్దు నాడు మింగకుండా ఊరుకునేది కాబోలు. ఈ ఉగాది తర్వాత మాత్రలు పనిచేయక సూది వచ్చింది. చూపు ఆనక సిరంజి మీది గీతలు కనిపించవు గనుక సూది ఆయన చేతికొచ్చింది. పొద్దున పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని గుచ్చుతుంటే ఆమె గోడ మీది భాగ్యశ్రీ పటం వైపు ముఖం తిప్పుకునేది. ఇవాళ పొద్దున కూడా అటే తిప్పుకుంది. అక్కడ పటం లేదు. చెమ్మకు మూల మరక పడిందని, ఇరవై ఏడుకు కొత్త అద్దం వేయించాలని, భీంరావు రాత్రే దాన్ని దించి పాత పంచెలో చుట్టిపెట్టాడు, నిజామాబాద్ తీసుకుపోవడానికి. "ఇయ్యాలనే కొంచవోవాల్నా బిడ్డా" అంది. "మల్ల టైం చాలదు అత్తమ్మా, ఇరవై ఏడుకన్నా ఇయ్యకపోతరా" అన్నాడు. దండ వేయవలసిన రోజున పటాన్ని గోడ మీది నుంచి తీసుకుపోయిన మొగుడు. సాయంత్రం ఆ ఖాళీ మేకు కింద ఆమె దీపం ఎలా పెట్టుకుందామనుకుందో. పెట్టుకునే దాకా నిలవనే లేదు.

ఇదంతా ఒక ఎత్తు. దీని కింద ఇంకోటి ఉంది, దాన్ని తాకకుండా ఆయన ఆలోచన ఇందాకటి నుంచి చుట్టూ తిరుగుతోంది. మొన్న పొద్దున. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు, ఆమె పుంటికూర తుంచుతోంది. ఆకులు తుంచుతూ తల ఎత్తకుండా అడిగింది. "బిడ్డా, ఒక్కరోజు తినకపోతే మనిషికేమన్నయితదా?" పేపరు మడిచాడు. రిటైరైన తర్వాత ఎవరూ ఆయనను ప్రశ్న అడగలేదు. కొళాయి ఎప్పుడొస్తది, కరెంటు బిల్లు ఎంతొచ్చింది అనేవి తప్ప, ఒక నిజమైన ప్రశ్న, ఎందుకు, ఎలా అనేది. ఎంత సంతోషపడ్డాడో ఇప్పుడు తలుచుకుంటే ముఖం వేడెక్కుతోంది. "ఏం గాదు అత్తమ్మా" అన్నాడు. ఏం గాదు. ఆ మాటతో మొదలుపెట్టాడు. కాలేయం ఉంటుంది, వడ్ల గుమ్మి లాంటిది, తిన్నదాంట్లోంచి కొంత అందులో పోసి పెట్టుకుంటుంది దేహం, తిననినాడు గుమ్మి మూత తీసి రక్తంలోకి వదులుతుంది, ఒక పగలు ఏమిటి, రాత్రి కూడా గడిచిపోతుంది అని చేతులు తిప్పుతూ చెప్పాడు. "గట్లనా. దేవుడు లోపల్నే గుమ్మి వెట్టిండా" అని ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం ఆయనకు ఎంత తియ్యగా తగిలిందో. చెప్పింది ప్రతి అక్షరం నిజమే, పుస్తకంలో బొమ్మగా గీసిన దేహానికి. సూది మందు ఒంట్లో పడ్డనాడు గుమ్మి మూత తెరుచుకోదు, పోసి పెట్టుకో, తీయకు అని చెప్పడమే ఆ మందు పని. అది ఆయనకు తెలియనిది కాదు. ఎదురుగా కూర్చున్న ముసలామె పొట్ట మీద తాను గుచ్చిన సూది గుర్తులున్నాయని ఆ నిమిషంలో తోచలేదు. ఎందుకడుగుతున్నావు అత్తమ్మా అని ఒక్క మాట అనలేదు. పాఠం చెప్పేవాడికి ప్రశ్న దొరికితే అడిగిన మనిషి కనిపించదు. ఆమె అడిగింది జ్ఞానం కోసం కాదు, సెలవు కోసం. నా బిడ్డ రోజున ఉండొచ్చా అని. ఆయన ఇచ్చాడు, నవ్వుతూ, చేతులు తిప్పుతూ.

సంపత్‌కు ఈ ముచ్చట తెలియదు. చెప్పకపోతే తెలియబోదు. ఒక్కపొద్దు సంగతి నాకు తెలియదు సంపత్, తెలిస్తే సూది ఇచ్చేవాణ్నా అంటే చాలు. అదీ నిజమే. నిజంలోంచి ఒక్క ముక్క తీసేస్తే మిగిలిన నిజం ఎంత శుభ్రంగా ఉందో. ఆ ఆలోచన వచ్చినందుకు భీంరావుకు స్టూలు మీద కూర్చున్న ఒళ్లే తనది కానట్టు, ఎవరో చూస్తున్నట్టు అనిపించి, ఖాళీగా ఉన్న రెండో మంచం వైపు చూశాడు. ఎవరూ లేరు. కిటికీ బయట వాన, రేపటి జెండా పండుగకు ఎవరో మైకు సరిచూసుకుంటున్నారు. ఆయన ముందుకు వంగి ఆమె ముక్కు దగ్గర అరచేయి పెట్టాడు. ఊపిరి వెచ్చగా తగిలింది. ఇందాక సీసాలో ఉన్న కార్బనే కొంత ఈ ఊపిరిలో ఉంటుంది. విరిగి, పైరువేటై, మైటోకాండ్రియా చక్రంలో పడి, ఒక్కొక్క కార్బనూ రాలిపోయి, గాలై బయటికి వస్తోంది. అంటే లోపల పొయ్యి వెలుగుతోంది. ఇంత చేతకాని అల్లుణ్ని నమ్ముకున్న ఒంట్లో కూడా కణాలు పనికెక్కాయి, ఎవరినీ తప్పుపట్టకుండా, వచ్చిందాన్ని వచ్చినట్టు విరుచుకుంటూ. ఆ వెచ్చదనం మీద చేయి అలాగే ఉంచాడు. భాగ్యశ్రీ ముక్కు దగ్గర కూడా ఇలాగే పెట్టాడు ఒకసారి. అప్పుడు చల్లగా ఉంది. ఈసారి అట్లా కావొద్దు, పేరు మరిచిపోయినా సరే, నన్ను పోల్చకపోయినా సరే అని ఎవరినో అడిగాడు, ఎవరినని తెలియకుండానే.

మొదట కదిలింది వేళ్లు. దుప్పటి అంచు దొరికింది వాటికి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలిపెట్టాయి, ఆకు చుట్టినట్టు. భీంరావు స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. పెదవులు తడిచేసుకుంది. కళ్లు తెరిచి పైకప్పును, సీసాను, ఆయనను చూసింది, ఆయన దగ్గర ఆగింది. ఆ ఆగిన చూపులో ఏముందో తెలియని ఆ రెండు మూడు క్షణాల్లో భయపడినంతగా ఆయన ఈ నాలుగేళ్లలో ఎన్నడూ భయపడలేదు.

"పొద్దువోయిందా బిడ్డా" అంది.

"పోయింది అత్తమ్మా." కిటికీ వైపు చూశాడు. "చీకటి పడ్డది."

"గీ సీస ఏంది."

"గ్లూకోజు."

ఆమె సీసాను మళ్లీ చూసింది. ముఖం చిన్నబోయింది. "మరి నా ఒక్కపొద్దు చెడినట్టేనా."

ఏ కణానికీ నోరూ సూదీ తేడా తెలియదు, తిన్న అన్నమైనా ఎక్కించిన సీసా అయినా లోపల జరిగేది ఒకటే విరగడం. ముప్పై ఏళ్ల పాఠం నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది. దాన్ని అక్కడే ఆపి ఆయన గుర్తు చేసుకున్నాడు, ఆటో, మెట్లు, వీధి దీపాలు, లైటు కింద నరం వెతికిన చేతులు. "చెడలె అత్తమ్మా. చీకటి పడ్డంకనే పెట్టిన్రు" అన్నాడు. అది నిజం కావడం ఎంత పెద్ద దయో అనుకున్నాడు. సుచరిత గుమ్మం దగ్గరి నుంచే, "లేచినవా అవ్వా, గంటసేపు అందర్ని ఆగం చేసినవు" అంటూ వచ్చి వేలు గుచ్చింది. మీ పేరేంది, ఇది ఏ ఊరు, ఈయనెవరు అని అడిగింది. "నాకు పరీక్షవెడుతున్నవా, పరీక్షలు వెట్టే సారు గీడనే ఉన్నడు, ఆయనకు పెట్టు" అంది సమ్మవ్వ. సుచరిత నవ్వింది. భీంరావు నవ్వలేక తల దించుకున్నాడు. మునుపటి సమ్మవ్వే వచ్చింది.

సంపత్ వచ్చేసరికి ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. అతని జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో గుడ్డ సంచీలో టిఫిను గిన్నె. తల్లిని చూసిన క్షణం అతని ముఖం పిల్లవాడి ముఖమైంది, మరుక్షణం కోపంతో గట్టిపడింది.

"ఎట్లున్నవే అవ్వా."

"ఉన్న. అంగి తడిసింది, తుడుసుకో."

"అంగి సంగతి నాకెందుకు. సూది తీసుకునేటోళ్లు ఒక్కపొద్దెట్లుంటరే. ఎవల్నడిగి ఉన్నవ్."

సమ్మవ్వ కళ్లు ఒక్క రెప్పపాటు భీంరావు మీదికి వచ్చి, తిరిగి కొడుకు మీదికి పోయాయి. "ఎవల్నడుగుడేంది. నా బిడ్డకు నేనుండనీకె ఇంకొకల్నడగాల్నా. బావను ఏమనకు, ఆయనకెర్కనే లేదు."

అంతే, అయిపోయింది. ఆయన కోసం ఆమె ఆ ఒక్క ముక్కను తీసి పక్కన పెట్టేసింది, తెలివొచ్చి గంటన్నా కాకముందే, బీడీ కట్టకు దారం బిగించినంత తేలికగా. ఊరుకుంటే చాలు. సంపత్ భుజాలు అప్పుడే సడలుతున్నాయి. సీసాలో చుక్కలు జారుతున్నాయి. ఊరుకుంటే ఈ ముసలామె ఇకముందు ప్రతి పొద్దునా తన చేతి సూదికి పొట్ట అప్పగిస్తూ ఈ అబద్ధాన్ని కూడా మోస్తుంది, ఏమీ అనకుండా, వాము నీళ్లను కళ్లకద్దుకున్నట్టు.

"నన్నడిగింది సంపత్" అన్నాడు భీంరావు. "మొన్న అడిగింది, ఒక్కరోజు తినకపోతే ఏమన్నయితదా అని. ఏం గాదని నేనే చెప్పిన. ఎందుకడుగుతుందో అడగలె. పొద్దుగాల సూది ఇచ్చినంక తిన్నదా లేదా చూడలె. పొద్దుగూకి ఇంటికొచ్చినప్పుడు ఆమె మాట తేడాగున్నది, నేను చాయ తాగుకుంట నిలవడ్డ."

సంపత్ ఆయన వైపు తిరిగాడు. "నువ్వా బావా" అన్నాడు.

"నేనే."

"గింత సదువుకొని." గట్టిగా అనలేదు. గిన్నెను స్టూలు మీద పెట్టి, తడి చెప్పులతో బయటికి నడిచాడు. వరండాలో బెంచీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆ మూడు మాటలు గదిలోనే ఉన్నాయి. భీంరావు వాటిని తోసెయ్యాలనుకోలేదు. అవి తనవే.

"ఎందుకు చెప్పినవ్, ఊకుంటే పోయేదానికి" అంది సమ్మవ్వ. కొంగు సర్దుకుని, "మరి గా గుమ్మి ముచ్చట అబద్ధమా" అని అడిగింది.

"అబద్ధం గాదు. సూది పడ్డనాడు గుమ్మి మూత రాదు అత్తమ్మా. గదొక్కటి నీకు చెప్పలె."

"చెప్తే పొద్దుగాల సూదన్న వద్దందును. గంతే గదా." అంతే గదా అన్నప్పుడు ఆమె గొంతులో వెటకారం వెతికాడు. లేదు. ఉంటే బాగుండేదనిపించింది. గిన్నె మూత తీశాడు, పెరుగన్నం, కోడలు కలిపి పంపింది. సమ్మవ్వ ముందు ఒక ముద్ద తీసి మూత మీద పెట్టి, "బాగ్యకు" అని ఆయన చేతికిచ్చింది. కిటికీ అరుగు మీద పెట్టాడు. ఇక్కడ పటం లేదు, దీపం లేదు, వాన గాలి ఆ ముద్ద మీది నుంచి వీచింది. ఆ తర్వాత ఆమె తింది. చేతికి సూది ఉంది గనుక ఆయనే చెంచాతో పెట్టాడు. ప్రతి చెంచాకూ ఆమె గొంతు కదలడం చూశాడు, మింగిందా లేదా అని, చూడడం ఇప్పుడే నేర్చుకుంటున్నవాడిలా. గిన్నె సగమయ్యాక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగ నాతోని గాదు బిడ్డా. మీద పడ్డ వయసు. వచ్చే ఏడు నువ్వుండు ఒక్కపొద్దు. నేను తింట."

భీంరావు చెంచాను గిన్నెలో పెట్టాడు. ఇంతటి దాన్ని తన చేతికిస్తుందని ఆయన అనుకోలేదు. ఇవ్వదగ్గ మనిషినేనా అని అడగబోయి, అదీ తన గురించే అవుతుందని ఊరుకున్నాడు. "ఉంట అత్తమ్మా" అన్నాడు.

"తారీఖు గాదు. రాఖీ పున్నం పోయినంక అయిదోనాడు."

"యాదికి వెట్టుకుంట."

"మర్చిపోతవు. నేనున్న గదా, చెప్త" అంది సమ్మవ్వ, కళ్లు మూసుకుంటూ.

నిద్రపోయింది. మామూలు నిద్ర, గురక సన్నగా మొదలైంది. సుచరిత వచ్చి అంకె చూసి, పర్వాలేదన్నట్టు తల ఊపి, గదిలో లైటు ఆర్పి పోయింది. వరండా లైటు గుమ్మంలోంచి వచ్చి నేరుగా సమ్మవ్వ కళ్ల మీద పడుతోంది. భీంరావు లేవబోయాడు. అప్పటికే బెంచీ మీది నుంచి లేచిన సంపత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లిని చూశాడు. ఆయన ముఖం వైపు చూడలేదు. వానకు ఉబ్బిన తలుపు కింద నేలను గీరుకుంటుందని, ఒక చేత్తో దాన్ని కొంచెం పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.